తగలకుండానే ఢీ

కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల అడుగుకి వెళ్తే 'స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్' అనే వరస ఒకటి కనిపిస్తుంది. నొక్కితే చిన్న జాబితా తెరుచుకుంటుంది: ఆటో నెగోషియేషన్, 10 హాఫ్, 10 ఫుల్, 100 హాఫ్, 100 ఫుల్, 1000 ఫుల్. నెట్ నత్తనడక నడుస్తోందని వాపోతే, తెలిసినవాళ్ళు ఇచ్చే సలహాల్లో ఒకటి ఈ జాబితా గురించే ఉంటుంది: "ఆటోని నమ్మకు, నువ్వే 100 ఫుల్ అని ఖాయం చేసెయ్." ఈ మాట విన్న ఇంట్లో నెట్ బాగుపడటం అటుంచి, అంతవరకూ లేని కొత్త రోగం పట్టుకునే అవకాశమే ఎక్కువ. దాని పేరు డ్యూప్లెక్స్ మిస్‌మ్యాచ్. తీగకి ఈ చివరన ఉన్న యంత్రం ఒక పద్ధతిలో, ఆ చివరన ఉన్నది ఇంకో పద్ధతిలో మాట్లాడటం. అప్పుడు లెక్కల్లో కొలిజన్లు, అంటే ఢీలు, వేలకొద్దీ పేరుకుంటాయి. చిత్రమేమిటంటే, ఇవాళ మన ఇళ్ళలో ఉన్న లాన్ కేబుల్లో రెండు సంకేతాలు వచ్చి గుద్దుకునే చోటంటూ లేదు. మరి గుద్దుకున్నట్టు నమోదయ్యేది ఏమిటి? ఇది అర్థం కావాలంటే నిజంగానే గుద్దుకున్న రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం 1971లో అలోహానెట్ అనే రేడియో నెట్‌వర్క్‌ను నడిపించింది. దీవుల్లో చెదురుమదురుగా ఉన్న టెర్మినళ్ళన్నీ ఒకే రేడియో ఛానెల్ మీద హోనొలులూలోని పెద్ద కంప్యూటర్‌కి కబురు పంపాలి. ఎవరి వంతు ఎప్పుడో తేల్చే పెద్దమనిషి లేడు. పద్ధతి మహా మొరటు. పంపాల్సింది ఉంటే పంపెయ్యడమే. అందినట్టు అట్నుంచి జవాబు రాకపోతే, అదే సమయానికి ఇంకెవరో పంపినందువల్ల రెండూ కలగాపులగం అయిపోయాయని అనుకోవాలి. కాసేపు ఆగి మళ్ళీ పంపాలి. ఆ 'కాసేపు' ఎంతో ఎవరికి వాళ్ళు యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి, లేకపోతే మళ్ళీ ఇద్దరూ ఒకేసారి బయల్దేరతారు. ఇలా నడిపితే ఛానెల్ సామర్థ్యంలో 18 శాతానికి మించి పనికిరాదని గణితం చెప్పింది. మిగిలిందంతా గుద్దులాటకీ, ఖాళీకీ పోతుంది.

ఆ గణితాన్ని 1972లో బాబ్ మెట్‌కాఫ్ అనే యువకుడు వాషింగ్టన్‌లో ఒక మిత్రుడి ఇంట్లో రాత్రిపూట చదివాడు. అప్పటికే హార్వర్డ్ ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని ఇందులో గణితం చాలదని తిప్పిపంపింది. చదువుతున్న వ్యాసంలో ఒక ఊహ ఆయనకి మింగుడుపడలేదు. జవాబు వచ్చినా రాకపోయినా జనం టైపు చేస్తూనే పోతారని అందులో లెక్క కట్టారు. నిజానికి మనుషులెవరూ అలా చెయ్యరు, జవాబు కోసం చూస్తారు. ఈ చిన్న అభ్యంతరాన్ని పట్టుకుని ఆయన వేసిన కొత్త లెక్క థీసిస్‌లో చేరింది, హార్వర్డ్ ఒప్పుకుంది. అంతకన్నా ముఖ్యం, అది ఆయన కొత్త ఉద్యోగంలో పనికొచ్చింది. కాలిఫోర్నియాలో జెరాక్స్ వాళ్ళ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆల్టో అనే డెస్క్ కంప్యూటర్లు తయారవుతున్నాయి. వాటన్నిటినీ ఒక లేజర్ ప్రింటర్‌తోనూ, ఒకదాంతో ఒకటీ కలపాలి. 1973 మే 22న మెట్‌కాఫ్ రాసిన మెమోలో మొదటిసారి ఈథర్‌నెట్ అన్న మాట వచ్చింది. తరవాత డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని కట్టాడు. వేగం సెకనుకి 2.94 మెగాబిట్లు.

అలోహా మొరటుతనానికి వీళ్ళు రెండు మర్యాదలు చేర్చారు. మొదటిది, మాట్లాడే ముందు తీగని వినడం. ఎవరిదైనా సంకేతం వినబడుతుంటే అది ముగిసేదాకా ఆగడం. రెండోది, మాట్లాడుతూ కూడా వినడం. తాను పంపుతున్నదీ, తీగ మీద ఉన్నదీ ఒకటి కాకపోతే ఇంకెవరో కూడా మొదలుపెట్టారన్నమాట. వెంటనే నోరు మూసుకోవడం, యాదృచ్ఛికంగా కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించడం. రచ్చబండ దగ్గర పదిమంది మాట్లాడుకునేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. ఒకే సమయాన ఇద్దరు నోరు తెరిస్తే ఇద్దరూ ఆగుతారు, ఒకరెవరో మళ్ళీ అందుకుంటారు. సభాధ్యక్షుడు అక్కర్లేదు.

ఆ రోజుల్లో ఢీ అంటే భౌతికంగా ఢీయే. తీగ ఒకటే, లావుపాటి కోయాక్సియల్ కేబుల్. 1980లో డిజిటల్, ఇంటెల్, జెరాక్స్ కంపెనీలు కలిసి 10 మెగాబిట్ల ప్రమాణం ప్రకటించాక ఆఫీసుల పైకప్పుల్లో అదే పాకింది. ఒక్కో ముక్క 500 మీటర్ల దాకా ఉండొచ్చు. దాని ఒంటి మీద ప్రతి 2.5 మీటర్లకీ ఒక గీత ఉండేది, కంప్యూటర్లని అక్కడే తగిలించాలి. తీగని కొయ్యకుండా, పక్కనుంచి సూది దించి మధ్య రాగిని అందుకునేవాళ్ళు. ఆ బిగింపుకి సాంకేతిక నిపుణులు పెట్టుకున్న ముద్దుపేరు వాంపైర్ ట్యాప్, రక్తం పీల్చే కొళాయి. ఇద్దరు ఒకేసారి పంపితే రెండు కరెంట్లూ ఆ ఒక్క రాగి మీదే కూడుకుని వోల్టేజీ మామూలుకన్నా పెరిగేది. ట్రాన్సీవర్ ఆ పెరుగుదలని కొలిచి ఢీ అయిందని చెప్పేది. అభిప్రాయభేదానికి తావు లేదు, తీగ మీద రుజువు ఉంది.

ఈ పద్ధతిలో అన్నిటికన్నా నాకు నచ్చేది ఒక కొలత. సంకేతం కేబుల్లో సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. ప్రమాణం అనుమతించిన అతి పెద్ద నెట్‌వర్క్, మధ్య రిపీటర్లతో కలిపి, ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 2500 మీటర్లు. ఒక కొసన ఉన్న యంత్రం పంపడం మొదలుపెట్టిందనుకుందాం. సంకేతం రెండో కొసకి చేరడానికి 12.5 మైక్రోసెకన్లు. చేరేందుకు రెప్పపాటు ముందు అక్కడి యంత్రం వినిచూసి, తీగ నిశ్శబ్దంగా ఉందనుకుని తనూ మొదలుపెట్టింది. ఢీ జరిగింది, కానీ ఆ సంగతి మొదటి యంత్రానికి తెలియడానికి చెడిన సంకేతం వెనక్కి రావాలి, ఇంకో 12.5. రిపీటర్లలోనూ ట్రాన్సీవర్లలోనూ అయ్యే ఆలస్యాలూ, కాస్త వెసులుబాటూ కలిపి 51.2 మైక్రోసెకన్లు అని ఖాయం చేశారు. 10 మెగాబిట్ల వేగంలో అంతసేపట్లో 512 బిట్లు పోతాయి, అంటే 64 బైట్లు. ఈలోపు మొదటి యంత్రం పంపడం ముగించి వెళ్ళిపోతే, తన ఫ్రేము, అంటే తాను పంపిన బిట్ల మూట, మధ్యదారిలో చెడిపోయిన సంగతి దానికి తెలియనే తెలియదు. అందుకే ఈథర్‌నెట్ ఫ్రేము 64 బైట్లకి తగ్గకూడదు. పంపేది ఒక్క అక్షరమే అయినా మిగతా జాగాని సున్నాలతో నింపాలి. నేటికీ అదే నియమం. వీధి చివరి దుకాణానికి మీ ఫోను పంపే డబ్బు కూడా దారిలో ఎక్కడో ఒక ఈథర్‌నెట్ తీగ ఎక్కకుండా పోదు, 1980 నాటి ఆ కేబుల్ పొడవు నీడ దాని మీదా ఉంటుంది.

దీనికి అటువైపు అర్థం కూడా ఉంది, మన కథకి అదే కీలకం. 64 బైట్లు పోయేదాకా ఢీ కాలేదంటే, నా గొంతు నెట్‌వర్క్ మూలమూలకీ చేరిపోయింది, అందరూ విన్నారు, ఇక ఎవరూ మొదలుపెట్టరు. తీగ నాది. ఆ తరవాత ఢీ కాకూడదు. అయితే దాన్ని లేట్ కొలిజన్ అంటారు. కేబుల్ మరీ పొడుగైనా, ఎవరో నియమం పాటించకపోయినా తప్ప అది రాదు. మామూలు ఢీ తగిలితే కార్డు తానే మళ్ళీ పంపుతుంది: మొదటిసారి 0 లేక 1 గడి (గడి అంటే ఆ 51.2 మైక్రోసెకన్లు) ఆగుతుంది, రెండోసారి 0 నుంచి 3లో ఏదో ఒకటి, మూడోసారి 0 నుంచి 7, ఇలా రెట్టింపవుతూ 1023 దాకా. పదహారోసారి కూడా దెబ్బ తగిలితే వదిలేస్తుంది. లేట్ కొలిజన్‌కి ఈ మర్యాద లేదు. చాలా కార్డులు ఆ ఫ్రేమును అక్కడే పారేస్తాయి. పోయిందని పై అంతస్తులో ఉన్న టీసీపీ కనిపెట్టి మళ్ళీ పంపాల్సిందే.

ఢీలు ఎక్కువైతే ఈథర్‌నెట్ కుప్పకూలుతుందని, 37 శాతం దాటి నింపకూడదని ఎనభైలలో గట్టి నమ్మకం ఉండేది. ఆ సంఖ్య అలోహా తరహా గణితం నుంచి జారి వచ్చినది. బాగ్స్, మరో ఇద్దరు కలిసి 1988లో నిజమైన కేబుల్ మీద కొలిచి చూపించారు. పెద్ద ఫ్రేములైతే లైను సామర్థ్యంలో 90 శాతం పైగా హాయిగా వాడుకోవచ్చని తేలింది. ఢీ అనేది ప్రమాదం కాదని, వంతు తేల్చుకునే పద్ధతిలో ఒక అంగమని అప్పుడైనా అందరికీ అర్థం కావాల్సింది. పేరు అలా పెట్టినందుకు కాబోలు, భయం పోలేదు.

1990లో టెలిఫోను తరహా మెలితిప్పిన జంటల తీగ ప్రమాణంగా వచ్చింది. ఇవాళ మనం లాన్ కేబుల్ అంటున్నది దాని వారసురాలే. ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. 10, 100 మెగాబిట్లకి అందులో రెండు జంటలే పనిచేస్తాయి: 1, 2 పిన్నుల జంట పంపడానికి, 3, 6 పిన్నుల జంట అందుకోవడానికి. మాట ఒక దారి, వినికిడి ఇంకో దారి. ఇక ఏ తీగ మీదా రెండు సంకేతాలు కలవవు, వోల్టేజీ పెరగదు. కానీ మధ్యలో ఉన్న హబ్ పాత కోయాక్స్ వేషంలోనే ఉండేది. ఒక పోర్టులో వచ్చినదాన్ని మిగతా పోర్టులన్నిట్లోకీ వెదజల్లేది, రెండు పోర్టుల్లో ఒకేసారి వస్తే గందరగోళ సంకేతం వెదజల్లేది. కాబట్టి కార్డుకి ఢీ తెలియాలి. ఎలా? ఒక నిర్వచనంతో సరిపెట్టారు. నేను పంపుతుండగా నా వినే జంట మీద ఏదైనా వస్తే అది ఢీ.

ఈ వాక్యం దగ్గర కాస్త ఆగాలి. కోయాక్స్‌లో ఢీ కొలిచి కనిపెట్టే సంఘటన. జంటల తీగలో అది కార్డు చేసుకునే అనుమానం మాత్రమే. రెండు జంటల మీదా సంకేతాలు చెక్కుచెదరకుండా ఉండొచ్చు, ఐనా హాఫ్ డ్యూప్లెక్స్‌లో ఉన్న కార్డు ఢీ అనే అంటుంది, ఎందుకంటే దాని నియమం ప్రకారం ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మాట్లాడకూడదు. పోలీసుల వాకీటాకీలో ఉన్నట్టు, ఏ క్షణానైనా ఒక దిశే.

హబ్ స్థానంలో స్విచ్ వచ్చాక ఈ అనుమానానికి పునాదే పోయింది. 1990లో కాలిఫోర్నియాలో ఒక చిన్న కంపెనీ ఏడు పోర్టుల ఈథర్‌నెట్ స్విచ్‌ను బజారులో పెట్టింది. కంపెనీ పేరు కల్పన. వ్యవస్థాపకుల్లో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరే పెట్టారు. 1994లో దాన్ని సిస్కో కొనేసింది. స్విచ్ ప్రతి పోర్టులో వచ్చిన ఫ్రేమునీ ముందు తనలో దాచుకుని, గమ్యం చదివి, ఆ ఒక్క పోర్టులోకే పంపుతుంది. ఇద్దరు ఒకరికే పంపితే ఒకటి వెళ్తుంది, ఇంకొకటి వరసలో నిలబడుతుంది. తీగకి రెండు చివర్లా ఒక్కొక్కరే, మాటకి విడిగా జంట, వినికిడికి విడిగా జంట. ఎదుటివాడు మాట్లాడుతుండగా నేనూ మాట్లాడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే ఫుల్ డ్యూప్లెక్స్. 1997లో ప్రమాణంలో చేరింది. వినడం, ఆగడం, ఢీ, పాచికలు అన్నీ రద్దు. మీ ఇంటి రౌటర్ వెనక ఉన్న నాలుగు లాన్ పోర్టులూ అలాంటి స్విచ్చే.

ఇక తీగకి రెండు చివర్లలో ఉన్నవాళ్ళు ఫుల్లో హాఫో ముందుగా ఒప్పుకోవాలి. ఆ ఒప్పందానికి 1995లో 100 మెగాబిట్ల ప్రమాణంతోపాటు ఆటో నెగోషియేషన్ వచ్చింది. చాలా తెలివైన ఏర్పాటు. పాత 10 మెగాబిట్ల కార్డులు తీగ ఊడిపోలేదని తెలపడానికి సుమారు 16 మిల్లీసెకన్లకోసారి ఒక స్పందన పంపేవి. కొత్తవి ఆ ఒక్క స్పందన చోట చిన్నచిన్న స్పందనల గుత్తి పంపుతాయి. గుత్తిలో 17 స్పందనలు తాళం వేయడానికి, వాటి సందుల్లో 16 చోట్ల స్పందన ఉంటే 1, లేకపోతే 0. ఆ 16 బిట్లలో నాకు 100 ఫుల్ వచ్చు, 100 హాఫ్ వచ్చు, 10 వచ్చు అని జాతకం అంతా ఉంటుంది. పాత కార్డుకి గుత్తి మొత్తం ఒక్క స్పందనలాగే కనబడుతుంది కనుక దానికి ఇబ్బంది లేదు. రెండు జాతకాలూ కలిపి చూసి, ఇద్దరికీ వచ్చినవాటిలో మేలైనది ఎంచుకుంటారు.

మీరు జాబితాలో '100 ఫుల్' అని ఖాయం చేసిన క్షణం జరిగేది ఏమిటంటే, చాలా కార్డుల్లో ఈ గుత్తులు పంపడం ఆగిపోతుంది. జాతకం చూపించరు, నేరుగా 100 మెగాబిట్ల సంకేతం పెట్టేస్తారు. అటు చివర రౌటర్ ఇంకా ఆటోలోనే ఉంది. దానికి గుత్తులు రావు. ఐనా సంకేతం ఆకారం చూసి వేగం 100 అని పట్టేస్తుంది. డ్యూప్లెక్స్ మాత్రం సంకేతంలో ఎక్కడా కనబడదు, హాఫైనా ఫుల్లైనా తీగ మీద అలలు ఒకే తీరు. అప్పుడేం చెయ్యాలో ప్రమాణం చెప్పింది: హాఫ్ అనుకో. 1995లో అది న్యాయమైన ఊహ. జాతకం చెప్పనివాడు ఎక్కువగా పాత హబ్బే అయ్యుంటాడు, హబ్‌తో ఫుల్‌లో మాట్లాడితే అందరికీ చేటు. అలా మీరు ఫుల్ అని పట్టుబట్టినందువల్లే అటువైపు హాఫ్‌కి దిగిపోతుంది. లింకు దీపం పచ్చగానే వెలుగుతుంది, వేగం 100 అనే చూపిస్తుంది.

ఇప్పుడు దగ్గరకు వెళ్ళి ఒక డౌన్‌లోడ్ చూద్దాం. రౌటర్ వైపు హాఫ్, కంప్యూటర్ వైపు ఫుల్. రౌటర్ 1500 బైట్ల పెద్ద ఫ్రేముల్ని కంప్యూటర్‌కి పంపుతోంది. హంగులన్నీ కలిపి ఒక్కోదానికి సుమారు 122 మైక్రోసెకన్లు. వచ్చిన ఫ్రేములకి కంప్యూటర్‌లోని టీసీపీ ఎప్పటికప్పుడు 'అందింది' అని చిన్న ఫ్రేము వెనక్కి పంపాలి. కంప్యూటర్ ఫుల్‌లో ఉంది, కాబట్టి రౌటర్ ఇంకో ఫ్రేము మధ్యలో ఉందా లేదా అని చూడదు, తన మానాన పంపేస్తుంది. రౌటర్‌కి తాను పంపుతుండగా వినే జంట మీద శబ్దం. ఢీ! పంపుతున్నదాన్ని అక్కడే తుంచేస్తుంది. 100 మెగాబిట్ల వేగంలో 64 బైట్లకి పట్టేది 5 మైక్రోసెకన్లు. మొత్తం 122లో మొదటి 5 దాటాక తగిలిన ప్రతి శబ్దమూ లేట్ కొలిజనే. పెద్ద ఫ్రేము సగంలో పోయింది, మళ్ళీ పంపే నాథుడు లేడు. పైగా రౌటర్ ఢీ అనుకుంది కనుక వచ్చిన 'అందింది' ఫ్రేమునీ చెత్తలో వేస్తుంది. కంప్యూటర్‌కి సగం తెగిన ఫ్రేము చేరి సీఆర్‌సీ తప్పుగా, అంటే చెడిపోయి వచ్చిన ఫ్రేముగా, నమోదవుతుంది. తీగ మీద నిజానికి ఏదీ దేన్నీ తాకలేదు. రెండు జంటల మీదా రెండు శుభ్రమైన సంకేతాలు పక్కపక్కనే పోయాయి. వాటిలో ఒకదాన్ని నడుమ నరికిందీ, ఇంకొకదాన్ని అవతల పారేసిందీ రౌటర్‌కున్న నమ్మకమే.

అప్‌లోడ్‌లో దెబ్బ ఇంకో రకం. పెద్ద ఫ్రేములు కంప్యూటర్ నుంచి ఎడతెగకుండా వస్తుంటాయి, రౌటర్ పాపం మర్యాదగా సందు దొరికేదాకా ఆగి, దొరకగానే చిన్న ఫ్రేము మొదలుపెడుతుంది, అంతలో కంప్యూటర్ తన తరవాతి ఫ్రేము తోసేస్తుంది. మళ్ళీ ఢీ. ఇది 64 బైట్లలోపు కనుక మామూలు ఢీ, రౌటర్ పాచికలు వేసి ఆగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఆ ఆగే సమయం ప్రతిసారీ పెరుగుతూ పోతుంది, ఎదుటివాడు మాత్రం ఎన్నడూ తగ్గడు. ఒకడు నియమం పాటిస్తూ, ఇంకొకడు నియమమే లేదనుకుంటూ ఉంటే నష్టపోయేది ఎవరో చెప్పక్కర్లేదు.

ఈ రోగాన్ని పట్టుకోవడం కష్టమవడానికి కారణం, పరీక్ష చేసేటప్పుడు అది దాక్కోవడం. పింగ్ చేస్తే ప్రశ్న వెళ్తుంది, జవాబు వస్తుంది, తరవాత ఇంకో ప్రశ్న. ఇద్దరూ ఒకేసారి మాట్లాడే సందర్భమే రాదు కనుక పింగ్ నిక్షేపంగా పనిచేస్తుంది. చిన్న పేజీలు తెరుచుకుంటాయి. పెద్ద ఫైలు పెట్టారో, వీడియో కాల్ చేశారో, అప్పుడు బయటపడుతుంది. బరువు పెరిగేకొద్దీ వేగం కుంగిపోవడం దీని ముద్ర. ఆపరేటర్‌కి ఫోను చేస్తే "లైను బాగానే ఉందండీ, మా వైపు పింగ్ వస్తోంది" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు.

లినక్స్ కంప్యూటర్ ఉంటే ఈథ్‌టూల్ అనే ఆదేశం ఏ వేగం, ఏ డ్యూప్లెక్స్ అన్నది చెబుతుంది, తప్పుల లెక్కలూ చూపిస్తుంది. ఒక గుర్తు పెట్టుకోవచ్చు. ఫుల్ వైపు సీఆర్‌సీ తప్పులు, హాఫ్ వైపు లేట్ కొలిజన్లు జంటగా పెరుగుతుంటే అది డ్యూప్లెక్స్ తగాదా. కొలిజన్ల ఊసే లేకుండా సీఆర్‌సీ తప్పులు మాత్రమే ఉంటే తీగనీ, దాని కొసన బిగించిన ఆర్‌జే45 ప్లగ్గునీ అనుమానించాలి. ఇంటి రౌటర్లు చాలామటుకు ఈ లెక్కలు చూపించవు, ఆ వైపు డ్యూప్లెక్స్ మార్చే వీలూ ఇవ్వవు, అవి ఎప్పుడూ ఆటోలోనే. అంటే ఇంట్లో మనం ఖాయం చేయగలిగింది ఒక్క చివరే. ఒక్క చివర ఖాయం చేయడమే రోగకారణం. కాబట్టి ఆ జాబితాలో చేతులు పెట్టకపోవడం మేలు, పెట్టి ఉంటే తిరిగి ఆటో చేయడం వైద్యం. కంప్యూటర్ ఒక్కటే చూస్తే సరిపోదు. పాత ప్రింటరూ, సీసీటీవీ రికార్డరూ కూడా ఈ తీగలకే తగులుకుని ఉంటాయి, వాటి మెనూల్లోనూ ఈ వరస ఉంటుంది, బిగించినవాళ్ళు ఏం పెట్టి వెళ్ళారో చూడాలి.

ఆ చెడ్డ సలహా ఎవరో దుర్బుద్ధితో పుట్టించింది కాదు. 1995 ప్రమాణంలో కొన్ని చోట్ల భాష రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉండటంతో తొలినాటి చిప్పులు ఒకదాంతో ఒకటి సరిగా పొసిగేవి కావు. అందుకని పెద్ద నెట్‌వర్కుల ఇంజినీర్లు రెండు చివర్లా ఖాయం చేసేవారు. పెద్ద కంపెనీలే అలా చెయ్యమనేవి. 1998 సవరణలో ఆ గజిబిజి తొలగింది. సలహాలోని 'రెండు చివర్లా' అన్న ముక్క మాత్రం నోటినోటా పోతూ ఎక్కడో జారిపోయింది.

గిగాబిట్ దగ్గర ఈ తంటా దాదాపు లేదు. 1999లో వచ్చిన రాగి తీగ గిగాబిట్ నాలుగు జంటల్నీ వాడుతుంది, ప్రతి జంట మీదా ఒకేసారి రెండు దిశల్లోనూ. ఇక్కడ తీగ మీద రెండు సంకేతాలు నిజంగానే కలుస్తాయి. ఐనా అది ఢీ కాదు. తాను పంపుతున్నది ఏమిటో కార్డుకి తెలుసు కనుక, దాన్నీ దాని ప్రతిధ్వనులనీ తీసేసి, మిగిలినదే ఎదుటివాడి మాట అని లెక్కకడుతుంది. నిజంగా కలిసేవాటిని ఢీ అనని యంత్రం, కలవనివాటిని ఢీ అనే యంత్రం, రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయన్నమాట. గిగాబిట్ రాగి మీద నడవాలంటే రెండు చివర్ల గడియారాల్లో ఎవరిది పెద్దరికమో ముందు తేలాలి, అందుకని నెగోషియేషన్ తప్పనిసరి.

ఆ జాబితాలో 1000 హాఫ్ ఎందుకు ఉండదో కూడా ఇక్కడే తెలుస్తుంది. వేగం పదింతలైతే 64 బైట్లు పదోవంతు సమయంలో పోతాయి, నెట్‌వర్క్ పొడవూ పదోవంతుకి కుంచించుకోవాలి. 100 మెగాబిట్ల హాఫ్‌లో అది 200 మీటర్ల చిల్లర. గిగాబిట్‌లో 20 మీటర్లయ్యేది. ప్రమాణం రాసినవాళ్ళు చిన్న ఫ్రేములకి తోక తగిలించి 512 బైట్లంత సేపు లాగాలని ఒక ఉపాయం రాసిపెట్టారు గానీ, బజారులో దాన్ని పట్టించుకున్నవాళ్ళు దాదాపు లేరు. 2002లో వచ్చిన 10 గిగాబిట్ల ప్రమాణంలో హాఫ్ అన్న మాటే లేదు.

అలాగని ఇంట్లో ఢీ పూర్తిగా చచ్చిపోలేదు. గాలి అందరికీ ఒకటే కనుక వైఫైలో అది సజీవంగా ఉంది. రేడియో మాట్లాడుతూ అదే ఛానెల్‌ని వినలేదు. తన సంకేతం 100 మిల్లీవాట్లైతే గది అవతల నుంచి వచ్చేది అందులో పదికోట్లో వంతు ఉండొచ్చు. అందుకని వైఫై అబ్రామ్సన్ పద్ధతిలోని జవాబు కోసం ఎదురుచూడటాన్ని వాడుకుంటుంది, మెట్‌కాఫ్ పాచికల్ని ఢీ కాకముందే వేస్తుంది. వీధిలోంచి ఇంట్లోకి వచ్చే ఫైబర్ సంగతి ఇంకోలా ఉంటుంది. స్తంభం మీది స్ప్లిటర్ ఒక ఫైబర్‌ని 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతుంది. అన్ని ఇళ్ళ నుంచీ వెనక్కి పోయే 1310 నానోమీటర్ల కాంతి అక్కడ ఒకే ఫైబర్‌లో కలవాలి. పాచికలకి తావివ్వకుండా ఆపరేటర్ గదిలోని పెట్టె ప్రతి ఇంటి దూరమూ కొలిచి, నీ వంతు ఫలానా మైక్రోసెకన్ల నుంచి ఫలానా దాకా అని చీటీ ఇస్తుంది. ఏ ఇంటి పెట్టైనా చెడిపోయి వంతు లేకుండా వెలుగుతూ కూర్చుంటే, ఆ స్ప్లిటర్ కింద ఉన్న ఇళ్ళన్నిటికీ నెట్ పోతుంది.

2019లో ఈథర్‌నెట్ మళ్ళీ ఒక్క తీగని పదిమంది పంచుకునే పద్ధతికి వచ్చింది. కార్లలోనూ యంత్రాల్లోనూ సెన్సర్ల కోసం వచ్చిన ఈ ప్రమాణంలో ఒకే జంట మీద కనీసం 25 మీటర్ల మేర కనీసం ఎనిమిది పరికరాలు కూచోవచ్చు. వేగం 10 మెగాబిట్లు, హాఫ్ డ్యూప్లెక్స్. ఒక పరికరం ఆరంభ సంకేతం ఇస్తే మిగతావి వరసగా వంతులు తీసుకుంటాయి కనుక తీగ మీద గుద్దులాట ఉండదు. పైన ఉన్న పాత ఈథర్‌నెట్ తర్కాన్ని మాత్రం మార్చలేదు, దానికి ఇంకా 1980 నాటి నియమాలే తెలుసు. దాని వంతు రాకముందే అది మొదలుపెట్టేస్తే, ఈలోగా వేరేవాళ్ళు తీగ అందుకుంటే, కింద ఉన్న పొర తీగ మీద జరగని ఢీని జరిగినట్టు దానికి చెబుతుంది. అది నమ్మి, ఆగి, వంతు వచ్చాక మళ్ళీ పంపుతుంది.